సంధ్య చదివే పురుగు

సకల జనుల సమ్మెలో యూనివర్సిటీ మూతపడటంతో సంధ్య హైదరాబాదు నుంచి జనగామలోని ఇంటికి వచ్చింది. భూపాలపల్లిలో గని ఇంజనీరైన ధీరజ్‌కు కూడా గనులు బందై తీరిక దొరికింది. తల్లిని కారులో ఎక్కించుకుని పెళ్లిచూపులకు దిగాడు.

"ఏం రీసెర్చి చేస్తున్నవ్ బిడ్డా?" అని ఆవిడ అడిగింది.

"సెగరోగం, అదే గనేరియా, తెచ్చే బ్యాక్టీరియా మీద."

ఆవిడ నోటిదాకా తెచ్చిన కప్పు కింద పెట్టేసింది. "థూ! ఆడపిల్లవు, గదేం చదువు? గా చేతులతోనే చాయ్ పెట్టినవా?"

సంధ్య తల్లి అరుంధతి తల వంచుకుంది. సంధ్య లేచి పెరట్లోకి పోయింది. వెనకే ధీరజ్ వచ్చాడు. తల్లి మాటకు ఏమన్నా అనుకోవద్దని చెప్తాడనుకుంది.

"గా రోగం సూదితోని తగ్గినంక మళ్ల ఎట్లొస్తదండీ?" అన్నాడు మెల్లగా. "ఒంట్ల దాన్ని ఆపే శక్తి రావాలె గదా?"

రోగం తనకేనని అతని మొహమే చెప్పింది.

"రాదు. గా పురుగు డీఎన్ఏల ఒక్కచోట పోగు మడతలు పడి నాలుగు వరుసల ముడి అయితది. ఆడ తెగి, పనిచెయ్యక పడున్న జన్యువుల ముక్క తెచ్చి అతికించుకుంటది. దాంతోని పైనుండే నూగులాంటి ప్రొటీన్ మారిపోతది. ఒంటికి పాతదే గుర్తు, కొత్తది తెల్వది. డాక్టరుకు చూపించుకోండి. మీతోనున్నామెకు కూడా చెప్పండి."

"ఒక్కామె అయితే గదా," అని నవ్వాడు. "పెండ్లయితే అంత సాఫయితదంటరు మా దోస్తులు."

సంధ్య రెండడుగులు వెనక్కి జరిగింది. రోగుల చీము నమూనాలు చూసినప్పుడు కూడా ఆమె ఎన్నడూ అట్లా వెనక్కి జరగలేదు.

రోత చదువు పిల్ల వద్దని వాళ్లే కబురు పంపారు. సమ్మె ముగిశాక, మహబూబాబాద్‌లో టీచరుగా ఉన్న విజయతో అతనికి సంబంధం ఖాయమైందని తెలిసింది. సంధ్య ధీరజ్‌కు ఫోన్ చేసింది.

"మందు వాడిన్రా?"

"నొప్పే లేదిప్పుడు. ఎందుకు?"

మర్నాడే ఆమె మహబూబాబాద్ రైలెక్కింది. స్కూలు బయట అంతా విన్న విజయ ముఖం ముడుచుకుంది. "నీకు కుదర్లేదని చెప్తున్నవా అక్కా?"

"నన్ను నమ్మకు. పరీక్ష చేయించుకొమ్మని అతన్నే అడుగు."

విజయ అడిగింది. మా పిలగాన్ని దవాఖానల నిలబెడ్తరా అని ధీరజ్ తల్లి సంబంధం తెంపుకుపోయింది. ఆ సంగతి విజయే ఫోన్‌లో చెప్పింది.

జనగామలో మాత్రం సంధ్య కుళ్లుతో చెడగొట్టిందన్నారు. "వేరే పురుగేదన్న చదువరాదే?" అని అరుంధతి కళ్లొత్తుకుంది.

నెల తిరగకముందే ధీరజ్ ఇంకో పిల్లను చూసొచ్చాడని చుట్టాలు చెప్పారు. "ఏ ఊరి పిల్ల?" అంటూ సంధ్య తింటున్న కంచం ముందు నుంచి లేచింది.