ముత్తమ్మ కూర్చున్న బెంచీలు

పొద్దున ఏడు కొట్టేసరికి దిల్‌సుఖ్‌నగర్ సందులో భిక్షపతి షట్టర్ ఎత్తేవాడు. రంపపు పొట్టు ఊడ్చి, నీళ్లు చల్లి, కొత్తగా తయారైన బెంచీని వాకిట్లో పెట్టేవాడు. ఆలోపు మీర్‌పేట్ నుంచి అక్క ముత్తమ్మ బస్సు దిగి వచ్చేది. ఆమె దాని మీద కూర్చుని నిదానంగా ఒక చాయ్ తాగి లేచాకే ఆ బెంచీ అమ్మకానికి. అది వాళ్ల నల్లగొండ ఊళ్లో కర్రపని చేసే వడ్లోళ్ల పద్ధతి. కర్ర ఎవరి సొమ్ముతో కొన్నారో వాళ్లే మొదట కూర్చోవాలి. తమ్ముడు దుకాణం పెడతానంటే ముత్తమ్మ తన రెండు పాడి బర్రెలనూ అమ్మింది. బావ కూడా మారుమాట లేకుండా తాడు విప్పి ఇచ్చాడు. బయటివాళ్లది పైసా లేదు అందులో.

ముత్తమ్మ కూర్చున్న బెంచీలు సాగేవి. ముగ్గురున్న చోటికి నాలుగో మనిషి వస్తే, "జర జరుగుండ్రి" అంటే చాలు, కర్ర జానెడు సాగేది. మనిషి లేచిపోతే మళ్లీ ముడుచుకునేది. చుట్టాల తాకిడి ఉన్నవాళ్లు అల్మాస్‌గూడ నుంచి కూడా వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. "మా ఇంట్ల లగ్గమున్నది భిక్షపతీ, మీ అక్కను రెండు చాయ్‌లు తాగుమను," అని మరీ చెప్పేవాళ్లు.

తెలంగాణ కొట్లాట జోరుమీదున్నప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే విస్తర్లు. కూర్చోవడానికి భిక్షపతి ఒక్క బెంచీ పంపాడు. జనం వచ్చేకొద్దీ జరిగారు, జరిగారు, మధ్యాహ్నానికి దాని రెండో కొస దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర తేలింది. దుకాణం వెనకింటి అమ్మాజీ గుంటూరు మనిషి. పులిహోర గిన్నె పట్టుకుని దూరంగా నిలబడింది.

"నేనూ కూచోవచ్చా ముత్తమ్మక్కా? మాది ఆ వైపు కదా."

"ఆకలికి ఏ వైపున్నదమ్మా? రా, జరుగుతున్నం."

బెంచీ ఇంకో జానెడు సాగింది.

ఆ రోజు ఆగిపోయిన కార్లలో ఒక దుబాయ్ వ్యాపారి ఉన్నాడు. దిగి, అందరితో పాటు ఆ బెంచీ మీదే అన్నం తిన్నాడు. నెల తిరగకుండా ఆర్డర్ పంపాడు. ఇంకేం, ఎల్బీనగర్‌లో నాలుగంతస్తుల షోరూం, బాటసింగారం దగ్గర గోదాం, దుబాయ్‌లో దుకాణం, మస్కట్‌లో, నైరోబీలో. మూడేళ్లలో పదకొండు దేశాల్లో భిక్షపతి బోర్డులు వెలిశాయి.

ముత్తమ్మ మాత్రం పని మానలేదు. బావ పోయాక తమ్ముడింట్లోనే ఉంటూ, రోజూ తమ్ముడు పంపే కారులో గోదాంకు పోయి, ఒక బెంచీ మీంచి ఇంకో బెంచీ మీదికి జరుగుతూ సాయంత్రందాకా కూర్చునేది. మోకాళ్లు వాచేవి. ఎంత కూర్చున్నా రోజుకు నలభై దాటేవి కావు.

ఒకరోజు ఎగుమతులు చూసే మురళీకృష్ణ టేపు పట్టుకొచ్చాడు. "సార్, మనం నాలుగడుగులని రాసి పంపుతున్నామండి. అక్కడ దించేసరికి ఆరడుగులుంటోందట. కొలిచేటప్పుడు కూడా హమాలీలు దాని మీదే కూర్చుంటున్నారు మరి. సరుకంతా తిప్పి పంపిస్తామంటున్నారు."

"అక్కకు నేను చెప్తలే," అన్నాడు భిక్షపతి.

ఉన్నది ఉన్నట్టు చెబితే అక్క నవ్వి ఊరుకునేదేమో. అతనికి నోరు రాలేదు. "నీకు మోకాళ్లు నొస్తున్నయి, ఇంట్ల కూసో," అన్నాడు.

"కూసునుడే కదరా నా పని," అంది ముత్తమ్మ.

మర్నాటినుంచి ఆమె కోసం కారు రాలేదు. రెండు రోజులు చెప్పులేసుకుని గేటు దగ్గర చూసింది. మూడో రోజు చెప్పులు వేసుకోలేదు.

రాష్ట్రం వచ్చినప్పుడు షోరూంలో పెద్ద పండుగ చేశారు. అందరినీ పిలిచిన భిక్షపతి, ఇంట్లో మనిషే కదా అని అక్కకు వేరే చెప్పలేదు. ఆమె కొత్త చీర కట్టుకుని ఆటోలో తనే వచ్చింది. ముందు వరస బెంచీ మీద నలుగురు పెద్దమనుషులున్నారు.

"జర జరుగుండ్రి, మా అక్క ఒచ్చింది," అన్నాడు భిక్షపతి.

నలుగురూ మర్యాదగా జరిగారు. కర్ర కదల్లేదు. కొసనున్నాయన కింద పడబోయి నిలదొక్కుకున్నాడు. ముత్తమ్మ వంగి బెంచీని అరచేత్తో నిమిరింది.

"దీని మీద మొదలు ఎవ్వలు కూసున్నరు తమ్మీ?"

"ఎవ్వలు కూసోలే అక్కా."

ఆమె తలూపింది. భిక్షపతి కుర్చీ తెమ్మంటే తెచ్చారు. తెచ్చేసరికి ఆమె లేదు.

ఆ సాయంత్రం ఇంటికీ రాలేదు. తెల్లారి వెతుక్కుంటూ పోతే, పాత సందులో అమ్మాజీ వరండాలో కనిపించింది. అమ్మాజీ ఏనాడో కొనుక్కున్న చిన్న బెంచీ గోడ పొడుగునా మంచమంత సాగి ఉంది. దాని మీద దిండు, మడతపెట్టిన దుప్పటి.

"కాసేపు కూచుంటానని వచ్చిందండీ భిక్షపతిగారూ," అంది అమ్మాజీ. "కూచోగానే ఇంత సాగింది. పొద్దున పంపు దగ్గరికెళ్లి మొహం కడుక్కొచ్చినా ముడుచుకోలేదు. ఇక నేనేం అంటాను, ఉండమన్నాను."

"అక్కా, తప్పయింది. ఇంటికి పోదాం పా."

"కోపం లేదురా. జర కూసో," అంది ముత్తమ్మ. "నాకు ఈడ జాగ దొరికింది. ఇంక తిరగలేను."

అతను కొసన కూర్చున్నాడు. బెంచీ అతనికీ ఒక జానెడు ఇచ్చింది. మురళీకృష్ణ నుంచి మూడోసారి ఫోన్ వచ్చాక భిక్షపతి లేచాడు. అతను కూర్చున్న జానెడు మాత్రం వెనకాలే ముడుచుకుపోయింది.