మూడో నంబరు ఆటగాడు

ఒమన్‌లోని బహ్లాలో బడి కడుతున్న కంపెనీకి ఫక్రుద్దీన్ స్టోర్ కీపర్. నలభై ఆరేళ్లు. హైదరాబాద్‌లో ఉండగా ఒక క్లబ్బు తరఫున పదేళ్లు ఫుట్‌బాల్ ఆడాడు. తర్వాత నాలుగేళ్లు ఆ క్లబ్బు కుర్రాళ్లకు ఆట నేర్పాడు. నేర్పినందుకు జీతం లేదు. ఇద్దరు బిడ్డలు పుట్టాక ఒమన్ వచ్చేశాడు. పదకొండేళ్లు సిమెంటు బస్తాలు, ఇనుప చువ్వల మధ్యే గడిచిపోయాయి. అతనికి ఆట తెలుసని పనివాళ్లుండే క్యాంపులో ఒక్క ఓంకార్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

ఓంకార్‌ది ఆర్మూరు దగ్గర. ఇరవై ఏడేళ్లవాడు, సైట్ ఆఫీసులో టైమ్‌కీపర్. 1994లో ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. పని నేర్పడానికి మస్కట్ నుంచి వచ్చిన ఆపరేటర్ ఒక ఫ్లాపీ మరిచిపోయి వెళ్లాడు. అందులో ఫుట్‌బాల్ మేనేజర్ ఆట ఉంది. మనం బంతిని తన్నే ఆట కాదది. జట్టును కూర్చాలి, ఎవరెక్కడ నిలబడాలో చెప్పాలి. ఆపైన మ్యాచ్‌ను కంప్యూటరే ఆడించి, ఏం జరిగిందో ఒక్కో వాక్యంగా తెర మీద చూపిస్తుంది.

ఓంకార్ వరసగా తొమ్మిది మ్యాచులు ఓడాడు. పదోది ఆడుతుంటే, ఏదో సంతకం కోసం వచ్చిన ఫక్రుద్దీన్ వెనక నిలబడి చూశాడు.

"ముగ్గుర్ని ఒక్క దిక్కే ఎందుకు నిలబెట్టినవ్ బేటా? బంతి ఎడమకు పోతే ఎవడు ఉరుకుతడు?"

"నాకేమెరుక చాచా! నీకు తెలిస్తే నువ్వే చెప్పు."

అప్పటినుంచి ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు కాగానే ఫక్రుద్దీన్ ఆఫీసుకు వచ్చేవాడు. ఆ ఆటలో తెర మీది మైదానం పన్నెండు గడులుగా ఉంటుంది. బంతి ఏ గడిలో ఉంటే ఎవరెక్కడికి కదలాలో గడిగడికీ విడిగా చెప్పాలి. ఫక్రుద్దీన్‌కు ఇంగ్లీషు అంతగా రాదు, నంబర్లు చాలు. ప్లైవుడ్ ముక్క మీద సుద్దతో మైదానం గీసి, స్టోరులోని నట్లను ఆటగాళ్లుగా పెట్టి జరిపేవాడు. ఓంకార్ చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించేవాడు.

గెలుపంతా మూడో నంబరువాడి మీద నడిచింది. వాడు ఎడమవైపు కాపలా ఆటగాడు. బంతి కుడివైపు ఉన్నప్పుడు అందరి చూపూ అటే ఉంటుంది. అదే అదనుగా వాడు ఎడమ గీత వెంబడి ముందుకు పరుగెత్తి, అటునుంచి వచ్చే బంతిని అందుకుని గోలు కొట్టాలి. గోలు పడకపోతే మళ్లీ వెనక్కి ఉరకాలి. వాడి పేరు పక్కన ఒంట్లో మిగిలిన సత్తువ అంకెల్లో కనిపించేది. అరవయ్యో నిమిషానికి అది సగానికి పడిపోయేది.

"ఇగ మూన్నంబర్‌ను దించు, కొత్తోణ్ణి ఎక్కియ్" అనేవాడు ఫక్రుద్దీన్ ప్రతి మ్యాచ్‌లోనూ. ఓంకార్ మీట నొక్కేవాడు. గడుల లెక్కంతా ఫ్లాపీలో నమోదయ్యేది, ఈ ఒక్క మాట తప్ప.

అట్టడుగు జట్టు రెండో ఏడాదికి పైమెట్టు ఎక్కింది. తెర మీద మేనేజర్ పేరు ఓంకార్ అని ఉండేది. "నీ పేరు పెడదామా చాచా?" అనడిగితే, "నీదే ఉండనియ్. వేళ్లు నీవే గద" అని నవ్వాడు ఫక్రుద్దీన్.

1996 మే నెలలో ఆ చుట్టుపక్కల కంపెనీల మధ్య ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. ఆ రోజుల్లోనే ప్రాజెక్ట్ ఇంజనీర్ కురియన్, ఓంకార్ బల్ల మీద ప్రింటు తీసిన పన్నెండు గడుల కాగితాలు చూసి, ఇవి ఎవరు తయారు చేశారని అడిగాడు.

"నేనే సార్" అన్నాడు ఓంకార్.

సిమెంటు రసీదుతో ఫక్రుద్దీన్ తలుపు దగ్గరే ఉన్నాడు. కురియన్ ఓంకార్ భుజం తట్టి, మన జట్టుకు కోచ్ నువ్వేనన్నాడు. ఫక్రుద్దీన్ రసీదు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

ఓంకార్ వెనకే పరుగెత్తుకొచ్చాడు. "స్టోరోడు చెప్పిండంటే సార్ ఇంటడా చాచా? ముందు నన్ను నిలబడనియ్. మెల్లగ నీ సంగతి చెప్త."

"చెప్పకు" అన్నాడు ఫక్రుద్దీన్. ఆ శుక్రవారం నుంచి ఆఫీసు మెట్లెక్కలేదు.

మూడో నంబరు చొక్కా పోచన్నకు ఇచ్చారు. జగిత్యాల వైపువాడు, కాంక్రీటుకు పలకలతో అచ్చులు కట్టే షట్టరింగ్ కార్పెంటర్, క్యాంపులో అతనంత వేగంగా ఉరికేవాడు లేడు. మొదటి రెండు మ్యాచులూ గంటసేపటివే. రెండూ గెలిచారు. రెంటిలోనూ పోచన్నే గోలు కొట్టాడు. కప్పు తెస్తే ఓంకార్‌ను మస్కట్ పక్కన మత్రాలోని హెడ్ ఆఫీసుకు తీసుకుంటానన్నాడు కురియన్.

ఫైనల్ మాత్రం పూర్తిగా తొంభై నిమిషాలు. దానికి ముందురోజు ఓంకార్ స్టోరుకు వచ్చాడు.

"చాచా, ఏమన్న మర్సిపోయిన్నా?"

ఫక్రుద్దీన్‌కు జవాబు నాలిక చివరే ఉంది. "అంత నీ ఫ్లాపీలనే ఉన్నది గద మేనేజర్ సాబ్" అని మళ్లీ తన పనిలో పడ్డాడు.

మర్నాడు సాయంత్రం అసర్ నమాజు తర్వాత, గులకరాళ్ల మైదానంలో సున్నపు గీతల మధ్య ఆట మొదలైంది. వడగాలి ఇంకా తగ్గలేదు. పోచన్న వారమంతా సైట్‌లో పలకలు మోసిన మనిషి. ఇరవయ్యో నిమిషంలో గోలు కొట్టాడు. క్యాంపంతా గంతులేసింది. ఫక్రుద్దీన్ గీత పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. అరవై నిమిషాలైంది. పోచన్న నడుం మీద చేతులు పెట్టుకుని వంగి రొప్పుతున్నాడు. బదులు ఆటగాళ్లు ఇద్దరు ఊరికే కూర్చున్నారు. ఓంకార్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. 'చూద్దాం, వీడి మేనేజరీ ఎంతో' అనుకున్నాడు ఫక్రుద్దీన్.

డెబ్బై దాటింది. "ఉరుకు పోచన్నా, ఉరుకు!" అని ఓంకార్ అరుస్తున్నాడు. డెబ్బై ఎనిమిదో నిమిషంలో పోచన్న ఎడమ గీత వెంట పరుగు తీసి, ఎవరో వెనక నుంచి తన్నినట్టుగా కూలబడ్డాడు. దగ్గర్లో ఎవరూ లేరు. మడమ పట్టుకుని కేకలు పెడుతుంటే ఇద్దరు మోసుకొచ్చి పక్కన పడుకోబెట్టారు. ఆట సాగింది. రెండుకు ఒకటితో వాళ్ల కంపెనీయే గెలిచింది.

మడమ వెనక నరం తెగిందన్నాడు డాక్టర్. ఆరు నెలలు పని చేయకూడదు. మూడో వారంలో కంపెనీ పోచన్నను ఇంటికి పంపేసే ఎగ్జిట్ కాగితాలు తయారు చేసింది. ఓంకార్ అప్పటికే మత్రా వెళ్లిపోయాడు. పోయేముందు స్టోరు వైపు రాలేదు.

ప్రయాణం రోజున ఫక్రుద్దీన్ పోచన్న రూమ్‌కు వెళ్లాడు. పోచన్న కట్టు కాలు చాపుకుని మంచం మీద కూర్చున్నాడు.

"గా ఆట నేను తయారుజేసింది పోచన్నా. అరవై నిమిషాలకు నిన్ను దించాలె. నాకెరుకే. చెప్పలేదు."

పోచన్నకు కాసేపు అర్థం కాలేదు. "ఎందుకు చెప్పలే భాయ్‌సాబ్?"

"ఓంకార్ ఓడిపోవాలని."

"ఆయన గెల్చిండు గద" అన్నాడు పోచన్న. ఆ మాటలో కోపం కూడా లేదు. "నేనేం జేసిన నీకు?"

బయట వ్యాన్ హారన్ మోగింది. లేవబోయిన పోచన్నకు ఫక్రుద్దీన్ ఆసరాగా చెయ్యి అందించబోయాడు. పోచన్న ఆ చేతిని పక్కకు నెట్టి, గోడ పట్టుకుని, ఒంటికాలితో కుంటుకుంటూ వ్యాన్ దాకా వెళ్లాడు. పెట్టె డ్రైవర్ ఎక్కించాడు. వ్యాన్ నిజ్వా రోడ్డెక్కేదాకా ఫక్రుద్దీన్ తలుపు దగ్గరే నిలబడి, డ్యూటీకి ఆలస్యమవుతోందని స్టోరు వైపు నడిచాడు.