ఏడిళ్ళ మీదుగా సముద్రానికి

నాకు యాభై తొమ్మిదో ఏట కారు లైసెన్సు వచ్చింది. అంతకు ముందు ముప్పై నాలుగేళ్ళు నన్ను ఎక్కడికైనా మా ఆయన ఫింటనే తీసుకెళ్ళేవాడు. అంటే ఆయన వెళ్ళే చోటికే నేనూ వెళ్ళేదాన్ని. ఆదివారం పూజకి, పశువుల సంతకి, ఎవరు పోతే వాళ్ళ అంత్యక్రియలకి. సముద్రం చూడలేదని కాదు, పదిసార్లు చూశాను. ఇసుకలో కాలు పెట్టి పది నిమిషాలు కాకుండానే వెనకనుంచి హారన్ మోగేది. ఇక చాల్లే, వచ్చి ఎక్కు, అని అర్థం. ఎక్కేదాన్ని.

మా దగ్గరి టౌను కాజిల్‌రేలో డ్రైవింగ్ నేర్పే ఆయన కారులోనే నేర్చుకున్నాను, పరీక్షా అందులోనే ఇచ్చాను. రెండోసారికి పాసయ్యాను. ఆ సాయంత్రం ఫింటన్ తన చేత్తోనే మా కారు అద్దానికి ఎన్ అక్షరం అంటించాడు, నడిపేది కొత్త మనిషని అందరికీ తెలిసేలా. ఇన్సూరెన్సులో నా పేరు చేర్పించాలి కదా అంటే, అది తనకి వదిలెయ్యమన్నాడు. వదిలేశాను. వదిలెయ్యడం నాకు బాగా అలవాటు.

పదమూడు నెలలు ఊళ్ళోనే నడిపాను. ఎదురొచ్చేవాళ్ళు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తేవాళ్ళు. మా వైపు పలకరింపంటే అదే. ఇన్నేళ్ళూ ఆ వేలు ఫింటన్‌కి లేచేది, ఇప్పుడు నాకు లేస్తోంది. నవ్వితే నవ్వండి, నాకు మాత్రం లేచిన ప్రతిసారీ సంతోషంగా ఉండేది.

ఆ ధైర్యంతోనే మా చెల్లెలు బ్రీజ్‌తో కలిసి ప్రయాణం వేసుకున్నాను. శనివారం పొద్దున్నే బయల్దేరి క్లేర్‌మోరిస్, బాలిన్‌రోబ్, క్లాన్‌బర్ మీదుగా లీనాన్ దాటి, ఆ పైనున్న ఇసుక తీరానికి. రాత్రి లీనాన్‌లో బస, ఆదివారం ఇంటికి. వంటింటి బల్ల మీద మ్యాపు పరిచి పెన్సిల్‌తో గీత గీశాను. ఫ్లాస్కులో టీ, హామ్ సాండ్‌విచ్‌లు, రెండు గొడుగులు. దారిలో సగం తను నడుపుతుంది, సగం నేను.

"అక్కా, తీరంలో ఎంతసేపు ఉందాం?" అంది బ్రీజ్.

"చలేసేదాకా."

"అయితే నాలుగు నిమిషాలు," అని నవ్వింది. ఆ రోజు మేం నవ్వినంత మళ్ళీ నవ్వలేదు.

ఇల్లలకగానే పండగ కాదంటారు. నేను ఆ మ్యాపు బల్ల మీద వదిలి కోళ్ళకి మేత వెయ్యడానికి వెళ్ళాను. వచ్చేసరికి ఫింటన్ నా గీత మీద వేలు పెట్టి కూర్చున్నాడు. క్లేర్‌మోరిస్ మీదుగా వెళ్తూ అక్కడి కాన్వెంటులో సన్యాసినిగా ఉన్న తన అక్క సిస్టర్ బెనిగ్నస్‌ని చూడకుండా ఎలా వెళ్తావన్నాడు. నిజమే. చుట్టం గేటు ముందునుంచి కారు పోనిచ్చి లోపలికి వెళ్ళకపోతే మా వైపు అది మూడు తరాల పగ. ఎవరికీ తెలియకుండా పోదామంటే, నంబరు చూసి కారెవరిదో చెప్పేస్తారు. ఒప్పుకున్నాను. ఒకటి ఒప్పుకున్నాక కోతిపుండే అయింది. బాలిన్‌రోబ్‌లో ఆయన మేనత్త, ఆవిడ దాకా వెళ్ళి పక్కింట్లో ఉన్న కొడుకుని పలకరించకపోతే ఎలా, క్లాన్‌బర్‌లో పెళ్ళినాటి తోడుపెళ్ళికొడుకు... వారం తిరిగేసరికి ఏడిళ్ళు తేలాయి. ఏడోది కోర్నమోనాలో ఫింటన్ పినతండ్రి కూతురు డీలియాది. ఆయన అందరికీ ఫోన్లు చేసేశాడు. ఏడిళ్ళలోనూ ఆపిల్ టార్టులు కాల్చడం మొదలైంది.

నేను పోట్లాడలేదు. ఒక్కో ఇంటికి ముప్పావుగంట లెక్కవేసుకున్నా సాయంత్రం ఐదింటికి తీరం చేరతాం. జూన్ నెల, పదింటిదాకా వెలుగుంటుంది. నాకు అదే చాలు.

శుక్రవారం సాయంత్రం ఐదు కావస్తుండగా, రెండు రోజులకి బ్రీజ్ పేరు కూడా చేర్పిద్దామని ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. పాలసీలో పేరున్నవాళ్ళతోనే మాట్లాడగలనంది. నేను ఆయన భార్యనమ్మా అన్నాను. కావచ్చుగానీ పాలసీలో ఉన్నది ఒక్క పేరేనంది. ఎప్పుడైనా ఇంకో పేరు ఉండేదా అని అడిగాను. చెప్పకూడదేమో, అయినా లేదండీ అంది.

మా దగ్గర పాలసీలో పేరు లేనివాళ్ళు నడిపితే ఆ కారుకి ఇన్సూరెన్సు లేనట్టే. పదమూడు నెలలు. బడి ముందునుంచి, బస్సు దిగే పిల్లల పక్కనుంచి. ఎవరినైనా గుద్ది ఉంటే ఆ కుటుంబం గతేమిటి, నా గతేమిటి? గార్డా పోలీసుకి కూడా చెయ్యి ఊపుతూ వెళ్ళాను, దొరసానిలాగా.

ఫింటన్ పొలంనుంచి వచ్చేసరికి వాళ్ళ ఆఫీసు మూసేశారు. అడిగాను. బూట్లు విప్పుకుంటూనే జవాబిచ్చాడు.

"మర్చిపోయాన్లే. సోమవారం ఫోన్ చేస్తాను."

"పదమూడు నెలలు మర్చిపోయావా?"

"నువ్వు వెళ్ళేది చర్చి దాకేగా. ఎవరాపుతారు నిన్ను?" రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టాడు. "నిజం చెప్పాలంటే గొరెట్టీ, నాలుగు రోజులు నడిపి నీకే విసుగొస్తుందనుకున్నా."

నిజంగా మర్చిపోయి ఉంటే క్షమించేదాన్నేమో. ఆయన మర్చిపోలేదు, నేను మానేస్తానని ఎదురుచూశాడు.

ప్రయాణం మానేద్దామనుకున్నాను. కానీ ఏడిళ్ళలో టార్టులు కాల్చి కూర్చున్నారు, వెళ్ళకపోతే కారణం చెప్పాలి. ఫింటన్ తనే నడుపుతానన్నాడు, ఏదో వరమిస్తున్నట్టు. ఒక ఆవు ఈనబోతోంది కాబట్టి రాత్రి బస వద్దు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దామన్నాడు. లీనాన్ బస రద్దు చేశాను. బ్రీజ్‌కి తుంటి నొప్పని తనని ముందు కూర్చోబెట్టాడు. నేను వెనక సీట్లో, ఒళ్ళో కేకు డబ్బాతో. బయల్దేరేముందు కారు మీద చర్చి తీర్థం కూడా నేనే చల్లాను.

ఆరిళ్ళలో ఆరుసార్లు అదే మాట విన్నాను. ఫింటన్ ఎంత మంచివాడు, ఆడవాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని తిప్పుతున్నాడు. ఆయన అబ్బే అదేముంది అన్నట్టు తలాడించాడు. నేను టీ తాగాను. టీ మీద టీ, టార్టు మీద టార్టు. డీలియా ఇల్లు చేరేసరికి ఆరయింది, వాన పట్టుకుంది.

డీలియా మంచిదే, నోరు మాత్రం ఆగదు. "నీకు లైసెన్సు వచ్చిందట కదా వదినా, మరి నువ్వు నడపలేదేం?" అంది.

నేను నోరు తెరిచేలోపే ఫింటన్ అందుకున్నాడు. "దానికి దూరం రోడ్లంటే భయంలే."

నేను కప్పు కింద పెట్టాను. "భయం కాదు డీలియా. ఇన్సూరెన్సులో నా పేరు లేదు. రాయిస్తానని చెప్పి రాయించలేదు. నాకే విసుగొచ్చి మానేస్తానని చూస్తూ కూర్చున్నాడు. పదమూడు నెలలు అలాగే నడిపాను."

డీలియా మొగుడు కిటికీలోంచి కొండవైపు చూశాడు. డీలియా లేచి నా కప్పు నిండా టీ పోసింది, నేను వద్దనకుండానే.

"రేపటికి వాన తగ్గుతుందంటున్నారు," అంది.

"గడ్డి కోతకి తగ్గితే మంచిదే," అన్నాడు ఫింటన్.

అంతే. నా మాట వాళ్ళందరూ విన్నారు, ఎవరూ విననట్టే ఉన్నారు. ఇంకో ముప్పావుగంట గడ్డి గురించే మాట్లాడుకున్నారు.

కారెక్కాక ఫింటన్ తాళం తిప్పకుండా కూర్చున్నాడు. "డీలియా ముందు ఆ మాట అనాలా?" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అన్ని నెలలు నన్ను అలా రోడ్డు మీదకి వదిలినప్పుడు ఆ మనిషికి సిగ్గనిపించలేదు. నలుగురూ విన్నాక అనిపించింది.

గేటు దాటాక ఆయన కారుని మా ఇంటివైపు తిప్పాడు. సముద్రం ఇంకా పాతిక మైళ్ళు, అటువైపు. చీకటి పడటానికి మూడు గంటలుంది. ఆవు ఈనేలా ఉందన్నాడు, ఎవరూ అడక్కుండానే.

బ్రీజ్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. "దిగుదామా అక్కా?" అని మెల్లగా అడిగింది. హాస్యానికి కాదు, నిజంగానే అడిగింది. తుంటి నొప్పితో, ఆ వానలో నాతో నడవడానికి సిద్ధంగా ఉంది.

దిగితే రోడ్డు మీద మమ్మల్ని ఎవరో చూస్తారు. చూసినవాళ్ళు పొద్దుటికల్లా ఏడిళ్ళకీ చెబుతారు. అది ఆలోచిస్తూ ఉండగానే క్లాన్‌బర్ దాటేశాం. ఇన్సూరెన్సు సంగతికి ఆయన మీద కోపం ఉంది, పోదు. ఆ సాయంత్రం దిగనందుకు మాత్రం కోపం నా మీదే.