జ్ఞానమ్మ గొంతు సన్నబడిన సంగతి

జ్ఞానమ్మ గొంతు పాడుచేసింది విజయ్ కుమారే. ఇందులో రెండో మాట లేదు. చర్చిలో ఎవరిని అడిగినా "పాడుచెయ్యడమేంటండీ, బాగుచేసేడు కదా!" అంటారు. వాళ్ల చెవుల మీద దానియేలుకి మొదటినుంచీ పెద్ద నమ్మకం లేదు.

దానియేలు కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యాడు. తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూడడం అతని పని. భార్య జ్ఞానమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమెది బొంగురు గొంతు. చర్చి క్వయర్‌లో ఆమెకీ చోటుండేది. చివరి వరసలో, స్తంభం పక్కన. క్వయర్ నడిపే ఇందిరగారు రిటైరైన టీచరమ్మ. ఆవిడ పెట్టిందే శ్రుతి.

"నువ్వు పెదాలు కదుపు జ్ఞానమ్మా, చాలు. దేవుడు హృదయం చూస్తాడు" అనేవారు ఆవిడ, నవ్వుతూనే.

దేవుడు హృదయమే చూస్తే అంత ఖరీదు పెట్టి కీబోర్డు ఎందుకు కొన్నారో దానియేలుకి అర్థం కాలేదు. జ్ఞానమ్మ మాత్రం "ఆయ్, అలాగేనండీ" అని ఏళ్ల తరబడి పెదాలు కదిపింది. పాడవలసిందంతా ఇంటికొచ్చి, వంటింట్లో, తన శ్రుతిలో పాడుకునేది.

కూతురు షైనీ చదువుల కోసం కొన్న టాబ్లెట్ ఒకటి ఇంట్లో మిగిలిపోయింది. పోయే ముందటేడు జ్ఞానమ్మ దాన్ని కందిపప్పు డబ్బాకి ఆనించి, ఒక పాట పాడి రికార్డు చేసుకుంది. పాట మధ్యలో కుక్కర్ విజిల్ వేస్తుంది. ఆమె ఓసారి దగ్గి, వదిలిన చోటే మళ్లీ అందుకుంటుంది. ఇల్లంతా కలిపి ఆమె గొంతు మిగిలింది అందులోనే.

ఏడాది జ్ఞాపకార్థ కూడికలో ఆ పాట వినిపించాలని దానియేలు పట్టుబట్టాడు. పెదాలు కదిపిన మనిషికి గొంతు కూడా ఉండేదని ఒక్కసారి ఆ చర్చికి తెలియాలి. అంతకు మించి కోరికల్లేవు. బిర్యానీ ఎవరు వండుతున్నారో కూడా అడగలేదు.

విజయ్ కుమార్ అతని మేనల్లుడు. అమలాపురంలో పెళ్లి వీడియోలు తీస్తాడు. ఆదివారం ప్రసంగాలు యూట్యూబ్‌లో పెట్టేది కూడా అతనే. చూసేది కూడా దాదాపు అతనే. లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి, టాబ్లెట్‌ని అటూ ఇటూ తిప్పి, డాక్టరు మొహం పెట్టాడు.

"కేబుల్ పెట్టే చోటు వదులైపోయిందండి మావయ్యగారూ. ఛార్జింగ్ ఎక్కుద్ది గానీ కంప్యూటర్‌ని గుర్తుపట్టట్లేదు. పైగా ఇది పాత యాప్. పాటని బయటికి పంపే దారే లేదండి ఇందులో."

"అయితే?"

"వైఫైలో పట్టేద్దామండి. ఇక్కడ టాబ్లెట్ పాడుతుంటే అక్కడ నా లాప్‌టాప్ అందుకుంటాది. ఒకటే తిరకాసు. గొంతుని సెకనుకి ఇన్ని ముక్కలని కోసి పంపుద్దండి. పంపే యాప్ ఉచితంగా వచ్చింది కదా, నలభై నాలుగు వేల వంద ముక్కలు దాటనంటాది. నా లాప్‌టాపేమో నలభై ఎనిమిది వేల మీద ఉంటాది."

"నీది తగ్గించు."

"అమ్మో, అది ప్రొఫెషనల్ సెట్టింగండి. ముట్టుకోకూడదు."

ప్రొఫెషనల్ అంటే ముట్టుకోకుండా వదిలేసేదని దానియేలుకి ఆ రోజు తెలిసింది.

పట్టిన పాట రెండురోజుల తరవాత తెచ్చి వినిపించాడు. బొంగురు పోయింది. గొంతు సన్నగా, చురుగ్గా, ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు పరిగెత్తింది. కుక్కర్ విజిల్ కూడా పీలగా వేసింది. దగ్గు చంటిపిల్ల దగ్గులా ఉంది.

"ఎవర్రా ఇది?"

"అత్తయ్యగారేనండి."

"మీ అత్తయ్య ఇలా పాడి ఉంటే నేను పెళ్లిచూపుల దగ్గరే లేచొచ్చేద్దును."

విజయ్ కుమార్ తల గోక్కున్నాడు. "వచ్చిన ముక్కలు తక్కువండి. లాప్‌టాప్ ఎక్కువ లెక్కన వాయించేస్తంది. సెకను సరుకు సెకను నిండకుండానే అయిపోతాది. అందుకే కాస్త స్పీడు, కాస్త సన్నం. అంతేనండి."

"అంటే పైనుంచి వచ్చే నీరెంతో చూడకుండా కింద తలుపులెత్తేశావు. ఆ పని నేను చేస్తే మెమో ఇచ్చేవారు. నిన్ను చర్చి స్టేజీ ఎక్కించేరు."

"మార్చొచ్చనుకోండి..." అని మేనల్లుడు నసిగాడు. "కాకపోతే నిన్ననే క్వయర్ గ్రూపులో పెట్టేశానండి. ప్రాక్టీసు చేసుకుంటారని."

ఆ సాయంత్రమే ఇందిరగారు ఫోన్ చేశారు.

"దానియేలు గారూ! జ్ఞానమ్మకి ఇంత గొంతుందని ఒక్కనాడూ చెప్పలేదేంటండీ? మా శ్రుతికి అచ్చంగా అతికినట్టు సరిపోయిందండీ. పిల్లలంతా కలిసి పాడతామంటున్నారు. ముందే తెలిస్తే ముందు వరసలోనే నిలబెట్టేదాన్ని కదా!"

"అది ఆవిడ గొంతు కాదండి. కంప్యూటరు తప్పండి."

"మీరు మరీనండీ. భార్య గొంతు మీకు గుర్తులేకపోతే ఎలా?"

దానియేలు ఫోన్ పెట్టేశాడు. సరిచెయ్యమని విజయ్ కుమార్‌ని మళ్లీ అడిగితే, ఇప్పుడు మారిస్తే క్వయరంతా శ్రుతి మార్చుకోవాలనీ, ఇందిరగారు ఒప్పుకోరనీ చెప్పాడు.

"పాడినావిడ ఒప్పుకుందా?"

దానికి మేనల్లుడి దగ్గర సెట్టింగ్ లేదు.

కూడిక రోజు చర్చి వాకిట్లో ఫ్లెక్సీ కట్టారు. అదీ విజయ్ కుమార్ చేతిపనే. జ్ఞానమ్మ మొహం గంధం రాసినట్టు తెల్లబడి ఉంది. మొహం తెల్లబరిచాడు, గొంతు సన్నబరిచాడు. మనిషిని పొడుగు చెయ్యలేదంటే ఫ్లెక్సీలో చోటు చాలకే.

పాస్టరు ఇమ్మానుయేలు అయ్యగారు ప్రార్థన చేశారు. తరవాత స్పీకర్లలో సన్నగొంతు మొదలైంది. క్వయర్ అందుకుంది. విజిల్ వచ్చేచోట కీబోర్డు కుర్రాడు గంటలు మోగించి దాన్ని కప్పేశాడు. దగ్గు లేదు. దగ్గును కోసేశారు. పాట అయ్యేసరికి ఆడవాళ్లు కళ్లు ఒత్తుకుంటున్నారు.

"దేవదూత గొంతండీ" అన్నారెవరో.

జ్ఞానమ్మ బతికున్నన్నాళ్లూ ఆమెని ఆ మాట అన్నవాళ్లు లేరు. ఇప్పుడన్నదీ ఆమెని కాదు.

అయ్యగారు దానియేలుని భార్య గురించి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పమని పిలిచారు. దానియేలు లేచి, గుడ్డసంచీలోంచి టాబ్లెట్ తీసి, పాట నొక్కి, మైకుకి ఆనించి పట్టుకున్నాడు. వైఫై లేదు, ముక్కలు లేవు.

బొంగురు గొంతు చర్చి నిండా పరుచుకుంది. తొందర లేని గొంతు. కీబోర్డు కుర్రాడు రెండు మూడు మెట్లు నొక్కి చూసి, అందక, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. కుక్కర్ విజిల్ వేసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జ్ఞానమ్మ దగ్గింది. వదిలిన చోటే అందుకుంది.

దానియేలు ఇందిరగారి వంక చూశాడు. ఇన్నేళ్లూ జ్ఞానమ్మకి ముందు నిలబడ్డ మనిషి ఆవిడే. ఆవిడ కళ్లు చికిలించి విని, అయ్యగారి వైపు వంగి అడిగారు. పాఠాలు చెప్పిన గొంతు కదా, రహస్యం కూడా గోడదాకా వినపడుతుంది.

"ఈ పాడేదెవరండీ? మన చర్చి గొంతు కాదే?"

అయ్యగారు బైబిల్లో ఏదో వెతుక్కున్నారు.

"చివరి వరసండి" అన్నాడు దానియేలు మైకులోనే. "స్తంభం పక్కన."

పాట చివరిదాకా సాగింది. ఎవరూ ఆమెన్ అనలేదు. టాబ్లెట్ సంచీలో పెట్టుకుని దానియేలు తన చోటికొచ్చి కూర్చున్నాడు.

భోజనాల దగ్గర అందరూ అతనికి దయగా చెప్పారు, మొదటిదే బాగుందని. రెండోది మైకు సరిగ్గా అందుకోలేదేమోనని ఒకాయన ఓదార్చాడు కూడా. ఇందిరగారు ఇంకో ముక్క వేయించుకుంటూ, "తెలీక అన్నానండీ, ఏమీ అనుకోకండి" అన్నారు. తెలియదన్నది నిజమే. ఆ ఒక్క నిజం కోసం ఆవిడని క్షమించేంత పెద్దమనసు దానియేలుకి లేదు.

చేతులు కడుక్కుంటుంటే విజయ్ కుమార్ పక్కకొచ్చాడు.

"యూట్యూబ్‌లో క్వయర్‌తో పాడింది పెట్టేనండి. మీరు వినిపించింది గరగరమంటందని తీసేశాను. కావాలంటే సెట్టింగ్ మార్చి మళ్లీ పట్టనాండి మావయ్యగారూ? పది నిమిషాల పనేనండి."

"పది నిమిషాల పనా?"

"ఆయ్."

దానియేలు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ. సంచీ భుజాన తగిలించుకున్నాడు.

"వద్దు. ఈ టాబ్లెట్ కందిపప్పు డబ్బా దగ్గరే ఉంటాది. వినేవాణ్ణి నేనున్నాను. నువ్వు గానీ, ఆ టీచరమ్మ గానీ, అయ్యగారు గానీ ఈ ఊసు మళ్లీ నా గుమ్మంలో ఎత్తొద్దు. నా నోట ఇదే ఆఖరు."