ప్రౌస్ గారి పచ్చిక ఒక్కటే

"మెర్ల్! నీ చుట్టాలొచ్చి నా పచ్చికంతా దున్నేశారు, వచ్చి చూసుకో!" అని పక్కింటి ప్రౌస్ గారు కంచె మీంచి అరిచారు.

చుట్టాలంటే బ్యాడ్జర్లు, రాత్రిపూట నేల తవ్వి పురుగుల్ని ఏరుకు తినే అడవి జంతువులు. మా నానమ్మ మెర్ల్ రోజూ చీకటి పడే వేళకు గుమ్మం ముందు గుప్పెడు వేరుశనగలు చల్లుతుంది. నల్లచారల మొహాలతో అవి వచ్చి తినిపోతాయి. వాటి జోలికి వెళ్ళడం చట్టప్రకారం నేరం. అందుకని ప్రౌస్ గారి కోపమంతా నానమ్మ మీదికి మళ్ళింది.

మా ఊరి పంటల ప్రదర్శనలో పదహారేళ్ళుగా జామ్‌లకు బహుమతి నిర్ణయించేది నానమ్మే. తోటలు పాడుచేయించే మనిషి ఆ కుర్చీలో కూర్చోకూడదని ఆయన కమిటీకి ఉత్తరం రాశారు. నానమ్మ పైకి నవ్వింది గానీ, ఆ పూట టీలో చక్కెర రెండుసార్లు వేసుకుంది.

శనివారం ఉదయం కమిటీ అధ్యక్షురాలు పెన్‌హేల్ గారు నష్టం చూడడానికి వచ్చారు. నానమ్మ వెనకాల దాక్కుంటూ నేనూ వెళ్ళాను.

పచ్చికను చూస్తే నిజంగానే జాలేసింది. బ్యాడ్జర్లు గడ్డిని చాపలా చుట్టి పక్కన పడేశాయి. ఒక గుంట దాటబోతే నా చెప్పు కూరుకుపోయింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు.

ఆరు వారాలుగా వాన లేదు. తోటలకు పైపుతో నీళ్ళు పట్టకూడదని నిషేధం కూడా ఉంది. వీధిలో అందరి నేలా పెంకులా ఎండిపోయింది. మా తోటలో బ్యాడ్జర్లు గోరు కూడా దించలేదు.

మాట్లాడకపోతే నానమ్మ కుర్చీ పోతుంది.

"ఇక్కడ... నేల మెత్తగా ఉందండీ," అన్నాను.

"మంచు కురిసిందిలే అమ్మాయ్," అన్నారు ప్రౌస్ గారు గబగబా.

"ఆ మంచు మీ కంచె దాకా వచ్చి ఆగిపోయిందా, రెగీ?" అని నానమ్మ ఆయన్ని అడిగింది.

పెన్‌హేల్ గారు వంగి గుప్పెడు మట్టి పిసికారు. రెండు వానపాములు బయటపడ్డాయి. "పైపు పెట్టావా?"

"గడ్డి చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోమంటారా? అదీ రోజు విడిచి రోజేగా!"

"తడి చేసి పురుగుల్ని పైకి రప్పించావు. భోజనానికి పిలిచింది నువ్వయితే, తిట్లు మెర్ల్‌కా?" పెన్‌హేల్ గారికి నవ్వు ఆగలేదు. ఆయన రాసిన ఉత్తరాన్ని అక్కడే నాలుగు ముక్కలు చేశారు.

ప్రౌస్ గారి చెవులు ఎర్రబడ్డాయి. నెమ్మదిగా అడిగారు: "మెర్ల్, మరి నా ప్లమ్ జామ్ ఈసారి పోటీకి పెట్టొచ్చా?"

"పెట్టు. నేను చూసేది జామ్‌ని, పచ్చికను కాదు."

ప్రదర్శనలో సీసాల మీద పేర్లుండవు, అంకెలే. నానమ్మ మొదటి బహుమతి ఇచ్చిన ఏడో నంబరు సీసా ప్రౌస్ గారిదని తరువాత తెలిసింది. నాకు ఒళ్ళు మండింది. ఆ కోపంతోనే ఒక చెంచా రుచి చూశాను.

ఇంకో చెంచా కూడా తిన్నాను.