లేని మనిషి సంతకం

తనిఖీవాళ్ళు వస్తున్నారంటే మా కాలేజీకి ఎక్కడలేని సిగ్గు పుట్టుకొస్తుంది. ఏడాది పొడుగునా తాళం వేసి ఉండే స్టాఫ్ టాయిలెట్ తెరుచుకుంటుంది. పక్క కాలేజీ నుంచి వ్యాన్లో పుస్తకాలు దిగుతాయి. వాళ్ళ ముద్ర మీదే మా ముద్ర గుద్దుతారు. కుండీల్లో మొక్కలు అద్దెకొస్తాయి. ఈసారి మనుషుల్ని కూడా అద్దెకు తెస్తున్నారని ముందురోజు దాకా నాకు తెలియదు.

ప్రిన్సిపాల్ పిలిచి కూర్చోమన్నాడు. ఆయన కూర్చోమన్నాడంటే ఏదో మెలిక ఉన్నట్టే.

"మీకు డాక్టరేట్ లేదు కదా మేడమ్. పైగా కాంట్రాక్టు. మీలాంటివాళ్ళు క్లాసులో కనిపిస్తే గ్రేడు పడిపోతుంది. రేపు ఫిజిక్స్‌కి ఒక డాక్టర్‌గారు వస్తున్నారు, ఒక్కరోజుకి."

"అయితే నన్ను సెలవు పెట్టమంటారా సార్?"

"అబ్బే, సెలవెందుకు? క్లాసులో పిల్లలు తక్కువున్నారు. మీరు ఎలాగూ సన్నగా ఉంటారు, వయసు తెలీదు. మధ్య బెంచీలో కూర్చోండి. గ్రేడొచ్చిందంటే ముందు పర్మనెంట్ చేసేది మిమ్మల్నే."

ఆ చివరి మాట తొమ్మిదేళ్ళుగా వింటున్నాను. విన్న ప్రతిసారీ నమ్ముతాను. నమ్మకపోతే పొద్దున్నే కాలేజీలోకి కాలు పడదు.

ఇంటికెళ్ళి చెప్తే మా ఆయన, "ఒక్కరోజే కదా, కళ్ళు మూసుకుని కూర్చో" అన్నాడు. అత్తయ్య మాత్రం, "పోనీలేవే, రోజంతా నిలబడి కాళ్ళు పీకుతున్నాయంటావుగా. ఒక్కపూట కూర్చుంటావు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా ఆడపడుచు వదిలేసి వెళ్ళిన డ్రెస్సొకటి తీసి ఇస్త్రీ చేసుకున్నాను. చేస్తున్నంతసేపూ పళ్ళు నూరుతూనే ఉన్నాను.

మర్నాడు నన్ను బెంచీ మీద చూసి పిల్లలు ఆనందం పట్టలేకపోయారు. నేను వాగుడుకాయ అని పిలిచే అమ్మాయి జరిగి చోటిచ్చింది. "మేడమ్, ఇవాళ మీరూ నోట్స్ రాయాలి" అంది. ఎవరేమడిగితే ఏం చెప్పాలో వాళ్ళందరికీ ఆఫీసులో ముందే నేర్పారట.

అద్దె డాక్టర్‌గారు లోపలికొచ్చారు. చూసి కొయ్యబారిపోయాను. డిగ్రీలో నాకు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు ఆయన. ల్యాబులో లోలకం ప్రయోగం చేసేటప్పుడు మేమంతా పుస్తకంలో జవాబు చూసుకుని, దానికి సరిపోయేలా వెనకనుంచి రీడింగులు వేసేవాళ్ళం. ఆయన ఆ రికార్డులు చింపి చేతిలో పెట్టేవారు. "తప్పొస్తే తప్పే రాయండి. వచ్చిందే రాయండి" అనేవారు. నా పిల్లలకి నేను చెప్పేదీ అదే.

ఆయన నన్ను గుర్తుపట్టారు. చేతిలో సుద్దముక్క ఆగింది. వెంటనే బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెట్టారు. బాగా చెప్పారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన బాగా చెప్తున్న కొద్దీ నాకు ఒళ్ళు మండింది.

కమిటీవాళ్ళు ముగ్గురొచ్చారు. వెనకాలే ప్రిన్సిపాల్, చేతులు కట్టుకుని. కమిటీ ఛైర్మన్ వాగుడుకాయని లేపాడు.

"ఈ సార్ మీకెప్పట్నుంచి చెప్తున్నారమ్మా?"

"ఫస్టియర్ నుంచీ ఈ సారే సార్."

హోంవర్క్ చేశానని అబద్ధమాడబోయినా నవ్వాపుకోలేక దొరికిపోయే పిల్ల, తడుముకోకుండా చెప్పేసింది. వెనక బెంచీలవాళ్ళంతా తలలూపారు. నా కుర్చీ పోయినందుకు కూడా అంత మంట పుట్టలేదు. దొంగ రీడింగులు వెయ్యొద్దని వీళ్ళకి నేర్పడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఆఫీసువాళ్ళకి ఒక్క మధ్యాహ్నం చాలింది.

ఛైర్మన్ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. సార్ పాఠం అర్థమవుతుందా?"

లేచి నిలబడ్డాను. ప్రిన్సిపాల్ నన్నే చూస్తున్నాడు. "అవుతుంది సార్" అంటే చాలు, ఉద్యోగం నాది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నేను స్టూడెంట్‌ని కాదు సార్. తొమ్మిదేళ్ళుగా ఈ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది నేనే. ఈ సార్ ఇవాళే వచ్చారు."

ఛైర్మన్ ప్రిన్సిపాల్‌ని నిలదీస్తాడనుకున్నాను. ఆయన తీరిగ్గా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కూర్చోండి మేడమ్. ప్రతి కాలేజీలోనూ మీలాంటివాళ్ళు ఒకళ్ళు లేస్తారు. మొన్న మా కాలేజీ తనిఖీలోనూ ఒకావిడ లేచింది." తర్వాత ప్రిన్సిపాల్‌తో, "టీ ఎక్కడ ఏర్పాటు చేశారండీ?" అన్నాడు.

మాస్టారిని గేటు దగ్గర పట్టుకున్నాను.

"మీరెలా ఒప్పుకున్నారు మాస్టారూ?"

"నేనూ చివరిదాకా కాంట్రాక్టే కదమ్మా. పెన్షన్ లేదు. ఇదిగో, తనిఖీల కాలంలోనే నాకింత గిరాకీ."

"నేను లేచినప్పుడు నా వంకైనా చూడలేదు."

"చూస్తే నిజం చెప్పాల్సొచ్చేది."

ఆయన మీద జాలిపడాలని నాకు తెలుసు. పడలేదు. ఆ రోజు నాలో జాలికి చోటు లేదు.

గ్రేడొచ్చింది, మంచి గ్రేడే. గేటుకి బ్యానర్ కట్టారు. నన్ను పొమ్మంటారనుకుని, బీరువాలో ఉన్న నా పుస్తకాలు సంచీలో సర్దుకుని మరీ ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. ఆయన మొహంలో కోపమే లేదు.

"మిమ్మల్నెందుకు తీసేస్తాం మేడమ్? కమిటీకిచ్చిన కాగితాల్లో మీరసలు లేరు. పర్మనెంట్ పోస్టు ఆ సార్ పేరున చూపించాం, ఇక అదంతే. ఆయనెలాగూ రారు. మీరు మామూలుగా క్లాసులు తీసుకోండి. హాజరు పట్టీలో ఆయన పేరెదురుగా మీరే సంతకం పెట్టెయ్యండి. పిల్లల్ని వదిలేసి పోయే రకం కాదు మీరు, నాకు తెలుసు."

ఆ చివరి ముక్క అన్నిటికంటే ఎక్కువ మండించింది, అది నిజం కాబట్టి. ఇలాంటి కాలేజీలు నడిచేదే దాని మీద. మాకు పాఠం చెప్పడం ఇష్టమని వీళ్ళకి తెలుసు. ఆ ఇష్టాన్నే పిండుకుంటారు.

పట్టీ ముందుకు లాక్కున్నాను. మాస్టారి పేరు కొట్టేసి, అదే గడిలో నా పేరు ఇంటిపేరుతో సహా రాసి, సంతకం పెట్టి క్లాసుకి వెళ్ళాను. మధ్యాహ్నానికి గుమాస్తా దాని మీద తెల్లరంగు పూసి, మళ్ళీ ఆయన పేరు రాశాడు. మర్నాడు నేను మళ్ళీ కొట్టేశాను. అతను మళ్ళీ పూశాడు. అలా సాగుతూనే ఉంది.

నిన్న గుమాస్తా బతిమాలాడు. "ఎందుకమ్మా ఈ పంతం? ఆ గడిలో రంగు అట్టకట్టింది. కాగితం చిరిగేలా ఉంది."

"మీరు పుయ్యడం మానెయ్యండి, నేను రాయడం మానేస్తాను" అన్నాను.

అబద్ధమే. అతను మానినా నేను మానను. కాగితం చిరిగితే బల్ల మీద రాస్తాను.