తిరగేసిన డైలాగు

ఆయన ఆరడుగుల మనిషి, కుర్చీ పట్టనంత శాల్తీ. చేతికి రబ్బరు పట్టీ బిగించగానే కళ్ళు గట్టిగా మూసుకుని, సూది ఇంకా తగలకముందే "అయ్యయ్యో, అయిపోయాను!" అని కేక పెట్టాడు.

రక్తం తీసే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. రెండేళ్ళపాటు తన ఇంట్లో పొద్దస్తమానం మోగిన గొంతు అది.

"పిరికి ఏనుగు సినిమాలో ఏనుగు మీరేనా?"

ఆయన ఒక కన్ను తెరిచాడు. "గొంతొక్కటే నాదమ్మా. ఒళ్ళు కంప్యూటర్లో గీశారు. నన్ను చూస్తే అలా అనిపించదనుకో."

పరభాషా బొమ్మల సినిమాలకు డబ్బింగ్ చెప్పడం ఆయన వృత్తి. ముప్పై ఏళ్ళుగా పందులకీ, భూతాలకీ, ఒకసారి టీ కెటిలుకీ గొంతు అరువిచ్చాడు. పోస్టరు మీద పేరు పడింది లేదు, అభిమాని అన్నవాడు ఎదురుపడిందీ లేదు. అందుకే "మా అమ్మాయి నాలుగొందలసార్లు చూసిందండీ" అని ఆవిడ అనగానే ఆయన మొహం చేటంత అయింది.

"ఈసారి తీసుకురా. డైలాగులు చెప్పి పొట్ట చెక్కలయ్యేట్టు నవ్విస్తాను."

"లేదండీ. పోయి ఎనిమిది నెలలైంది. ఏడేళ్ళు దానికి."

కాలమే మరిపిస్తుందని ఆవిడకు చెప్పని బంధువు లేడు. బియ్యానికీ పిడుగుకీ ఒకటే మంత్రం వాళ్ళకి. ఈయన ఆ మాట అనలేదు. "సినిమాలో ఏ చోట నవ్వేది?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి ఆవిడకు ప్రాణం లేచి వచ్చింది.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడు కాబట్టి వారం వారం పరీక్ష తప్పదు. సోమవారం వచ్చేవాడు, ఆవిడ తప్ప ఇంకెవరూ సూది పట్టకూడదని పేచీ పెట్టేవాడు. తర్వాత ఇద్దరూ ల్యాబు వెనక మెట్ల మీద టీ తాగేవాళ్ళు. ఆయన భూతం నవ్వు నవ్వేవాడు. ఆవిడ తన కూతురి కబుర్లు చెప్పేది, ముద్దుపేరు బుడంకాయ. తువ్వాలుని తొండంలా కట్టుకుని ఇల్లంతా తిరిగేదట. ఆ పేరు పైకి అనగలిగేది ఆ మెట్ల మీదే.

మూడు నెలలు గడిచాక ఒక సోమవారం, దూది అంటించి, ఆవిడ తలుపు దగ్గరకి వేసింది.

"బాబాయ్, నాకొకటి చెప్పి పెట్టాలి. 'భయపడింది నేను కాదు, నా కాళ్ళు' అంటుంది కదా ఏనుగు. ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే మా బుడంకాయ తిరగేసి చెప్పింది. 'భయపడింది నా కాళ్ళు కాదు, నేను' అంది. అదీ మీ ఏనుగు గొంతుతోనే. తప్పు చెప్పావే పిచ్చిమొద్దూ అని నవ్వేశాను. అదీ నవ్వింది. తలుపు మూసేశారు. మళ్ళీ కళ్ళు తెరవలేదు." చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది. "వేళాకోళానికి అందా, నిజంగానే నాతో చెప్పుకుందా? తెలీక చస్తున్నాను. మీరు ఒక్కసారి అలా చెప్పండి. వింటే తెలుస్తుంది."

"వద్దు తల్లీ."

"చెప్పండి బాబాయ్."

ఆయన లేచి నిలబడ్డాడు. నవ్వు వచ్చేట్టు చెప్పబోయాడు, రాలేదు. ఇంకోసారి సాగదీసి చెప్పాడు, కుదరలేదు. మూడోసారి చెప్పినప్పుడు ఆ గొంతు చాలా చిన్నదైపోయింది. వేళాకోళానికే అనుంటుందమ్మా అని ఒక్క అబద్ధమాడితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ముప్పై ఏళ్ళ పనితనం ఆడనివ్వలేదు.

"తిరగేస్తే నవ్వు పుట్టదమ్మా ఇందులో," అన్నాడు.

ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. బయట నుంచి ఎవరో తలుపు తట్టారు. ఆవిడ తీయలేదు. ఆ రోజు కూతురితో అనాల్సిన మాట ఈరోజైనా అనకపోతే ఇక బతకలేననిపించింది.

"భయమేస్తోందా నాన్నా?" అంది, ఆయన వైపు చూడకుండా. "రా, కాసేపు ఎత్తుకుంటాను."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఊఁ," అన్నాడు, ఏనుగు గొంతుతో.